చిటికెడు తోడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము, శాస్త్రజ్ఞులము కాము. అయినా ఈ విషయము ఎంచుకొనడానికి కారణమున్నది. హోసూరు దాపున టాటా ఎలక్ట్రానిక్స్ వారి కర్మాగారములో ఫోన్ల భాగాలు తయారవుతున్నవి. అటువంటి పనులకు చదువుకొనే పిల్లలు హోసూరులోను, కృష్ణగిరిలోను మన ఇళ్ళలో వున్నారు. వాళ్ళు వచ్చి "సెమీకండక్టర్ అంటే ఏమిటి?" అని అడిగినప్పుడు మనము నోరు మెదపకపోతే, తెలుగు వంటింటికే చాలునని అనుకొంటారు.

రాగి తీగలో విద్యుత్తు సులువుగా పారుతుంది; గాజులో పారదు. నడుమ వున్నది సిలికాన్. అందుకే దానిని అర్ధవాహకమంటారు. సిలికాన్ పరమాణువు వెలుపలి కక్ష్యలో 4 ఎలక్ట్రానులుంటవి. ఆ నాలుగూ చుట్టూ వున్న నాలుగు పరమాణువులతో బంధాలలో చిక్కుకొని వుంటవి. మా రైలు భాషలో చెప్పాలంటే, అది సీట్లన్నీ నిండిన పెట్టె, కదిలేవారు లేరు. వేడి తగిలితే ఏ కొద్దిమందో లేస్తారు. అందుకే వేడెక్కితే రాగిలో విద్యుత్తుకు అడ్డు పెరుగుతుంది, శుద్ధమైన సిలికాన్‌లో తగ్గుతుంది.

ఇందులో 5 ఎలక్ట్రానులున్న భాస్వరము కలిపితే, నాలుగింటికి సీట్లు దొరుకుతవి. ఐదవది నడవలో నిలబడుతుంది. బ్యాటరీ తగిలించగానే నడుస్తుంది. ఇది ఎన్ రకము. 3 ఎలక్ట్రానులున్న బోరాన్ కలిపితే ఒక సీటు ఖాళీ. పక్కవాడు అందులోకి జరిగితే వాని సీటు ఖాళీ అవుతుంది. ఇలా మనుషులు ముందుకు జరుగుతుంటే ఖాళీ వెనక్కు ప్రయాణము చేస్తుంది. ఇది పీ రకము.

ఇలా కలపడాన్నే డోపింగ్ అంటారు. పాలకు తోడు వేయడము వంటిదే. కోటి సిలికాన్ పరమాణువులకు ఒక్క భాస్వరపు పరమాణువు చాలు. విద్యుత్తును పారనిచ్చే గుణము లక్షల రెట్లు పెరుగుతుంది. ఇంత స్వల్పము ఇంత పని చేస్తుంది గనుకనే, ముందు సిలికాన్‌ను అతి శుద్ధి చేసి, పిమ్మట కొలిచి కలుపుతారు.

ఈ రెండు రకాలు ఒకే స్ఫటికములో ఆనుకొని వుంటే విద్యుత్తు ఒకవైపే సులువుగా పారుతుంది. అదే డయోడ్. 1947 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ అనేవారు జెర్మేనియముతో మొదటి ట్రాన్సిస్టర్ చేశారు. వారికి, షాక్లీకి కలిపి 1956 లో నోబెల్ బహుమానము వచ్చింది. ఈనాడు మన జేబులోని ఫోనులో ట్రాన్సిస్టర్లు వందల కోట్ల కొలది వున్నవి.

పేర్లు కొన్ని ఇంగ్లీషువే అయినా, అర్థము తెలుగులో చక్కగా ఇమిడింది. రేపు పిల్లలు అడిగితే ఈ రైలుపెట్టె సంగతి చెప్పండి. ఆ పైన వాళ్ళే పుస్తకము తెరుస్తారు.

సెలవు.