వసంతకాలమున వృద్ధుల ఆటలు
(దుండిగల్ గౌడ సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, గీత సహకార సంఘముల హక్కులను గూర్చియు నాకు ముందు మాటలాడిన వారు చెప్పవలసిన దంతయు చెప్పియున్నారు. కార్యదర్శులు నా కొసగిన విషయము వృద్ధుల ఆటలు. కార్యక్రమ పత్రమున దీనిని చదివి కొందఱు నవ్విరని వింటిని. నవ్వుట తప్పు గాదు. ముసలివారికి ఆటలేమి యను మాట మన యిండ్లలో అందఱి నోటను ఉన్నదే. ఆ మాటకు బదులు చెప్పుటకే నేను నిలిచితిని.

ఇతరులకు వసంతము ఆటల కాలము. పంట యిల్లు చేరును. పొలము పని తగ్గును. కాముని పున్నమికి ముందు పిల్లలు కోలలు పట్టి యింటింట జాజిరి యాడుదురు. పున్నమినాడు కామదహనము, పిదప మోదుగుపూలు కాచిన రంగునీళ్లు, పక్షము తిరుగగనే ఉగాది, దానికి తొమ్మిదవ నాడు శ్రీరామనవమి. మనకో, తాళ్లు పాఱు కాలము అదియే. ఒక పూట గీయకున్న గొల యెండును. ఊరంతయు రంగు లాడునాడు మన తండ్రులు మోకును ముత్తాదును భుజమున వేసికొని తెల్లవాఱకమునుపే వనమునకు పోయెడివారు. పండుగనాడు ఊరికి కల్లెక్కువ కావలెను గనుక ఆనాడు వారికి పని రెట్టింపు. నేడు డెబ్బది యేండ్లు దాటిన మన పెద్దలు తమ వసంతములను చెట్టు మీదనే గడపిరి. వారు ఆటను మఱచిపోలేదు. వారికి అది దక్కనే లేదు.

ఇప్పుడు దిగినారు. దిగి యేమి చేయుచున్నారు? ఈ దుండిగల్ సంగతియే చూడుడు. 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు ఇచ్చట వైమానిక విద్యాలయమునకు శంకుస్థాపన చేసిరి. తరువాత వలయ రహదారి వచ్చెను. 2018లో ఊరు పురపాలక సంఘమయ్యెను. ఈతవనము లనేకములు ఇండ్ల స్థలములయ్యెను. కొడుకు కార్ఖానాకో, కారు నడుపుటకో పోవుచున్నాడు. తండ్రి గడప మీద కూర్చుండి తలపై తిరుగు శిక్షణ విమానములను లెక్కించుచున్నాడు. నలువురు కూడు రచ్చకట్ట యున్నచోట నేడు బండ్లు నిలుపుచున్నారు. అతని మోకాళ్లు అరిగినవి, నిజమే. గాని అతడు కదలకుండుటకు మోకాళ్లు ఒక్కటే కారణము గాదు. రమ్మని పిలుచువాడు లేడు. చెట్టెక్కు వారికి 2024లో ప్రభుత్వము కాటమయ్య పేర రక్షణ సామగ్రి నీయ నారంభించెను, సంతోషము. చెట్టు దిగిన వారి సంగతి చూడవలసినది ప్రభుత్వము గాదు, మనమే.

వసంతోత్సవమన రాజుల వేడుక యని కొందఱందురు. కొండవీటి కుమారగిరి రెడ్డికి ఆ వేడుక వలననే కర్పూర వసంతరాయలను బిరుదు వచ్చెను. కాని పల్లెయాటలకు కర్పూర మక్కఱలేదు. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో ఎన్ని యాటల పేళ్లున్నవో చూడుడు! సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున ఇట్టి యాటలను గూర్చి శ్రద్ధతో వ్రాసిరి. వానిలో మన యవ్వలు నేటికిని ఎఱిగినవి కొన్ని కలవు.

అష్టాచెమ్మకు కావలసినది సుద్దముక్క, నాలుగు గవ్వలు. ఇరువదియైదు గడులు గీసిన చాలును. నాలుగు గవ్వలును వెల్లకిల పడిన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడిన అష్ట, అనగా ఎనిమిది. పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు. మేక పులిని చంపలేదు. త్రోవ మూసి నిలిపివేయగలదు. ఓపికతో మేకలను పేర్చు తాతకు తొందరపడు మనుమడు ఓడుట నేను పలుమార్లు చూచితిని. ఆ యొక్క గెలుపుతో ఆ తాత రెండు దినములు ఇంటిలో గట్టిగా మాటలాడును! వామనగుంటలకు పీటపై రెండు వరుసల పదునాలుగు గుంటలు. గింజ లెక్కడివందురా? ఈ కాలమున ప్రతి యింటను అవ్వలు చింతపండు కొట్టి గింజలు తీయుచునేయున్నారు గదా. పని ముగిసిన చోటనే ఆట సామగ్రియు సిద్ధముగా నున్నది.

కూర్చుండి యాడునవి మనసును మేల్కొల్పును. దేహమునకు కదలికయు కావలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన దేమనగా, 65 ఏండ్లు నిండినవారు వారమున 150 మొదలు 300 నిమిషములు మితమైన శ్రమ చేయవలెను. పడిపోకుండుటకై వారమున 3 దినములైనను నిలుకడను బలమును పెంచు అభ్యాసము చేయవలెను. తాటిచెట్టు తలమీద నిలిచినవానికి నిలుకడ నేర్పుదురా యని మీరనవచ్చును. ఆ నిలుకడ గలవాడే నేడు స్నానాల గదిలో జాఱి తుంటి విఱుగగొట్టుకొనుచున్నాడు. దీనికి కోలాటమును మించినది నాకు దోచదు. అడుగు ముందుకు, అడుగు ప్రక్కకు, తిరుగుట, ఎదుటివాని కోలకు కోల తగిలించుట. నిలువలేనివారు అరుగుమీద కూర్చుండి తాళమునకు కోలలు వేయవచ్చును. జపానుదేశమున 1947లో హొక్కైదో ద్వీపమునందు పిల్లల కొఱకని గేట్‌బాల్ అను ఆటను కల్పించిరి. కొయ్యసుత్తెతో బంతిని కొట్టి చిన్న ద్వారముల గుండ పంపుట. ఐదుగురేసి రెండు జట్లు. 30 నిమిషములలో ముగియును. పిల్లల దగు నాయాటను తరువాత వృద్ధులు తమదిగా చేసికొనిరి. జాజిరియు పిల్లల యాటయే. మన తాతలు దానిని తీసికొన్న కాదను వారెవ్వరు?

ఇక చెప్పుటకు కష్టమైన మాట యొకటి. భర్త పోయిన అవ్వను మనము రంగులకు పిలువము. కోలాటపు వరుసలో నిలువనీయము. ఉగాదినాడు ఎదురు రావలదందుము. చెట్టుపైనుండి పడి భర్త మరణింపగా, కల్లు కుండలు మోసి పిల్లలను పెంచిన తల్లులు మన కులమున ఎందఱో గలరు. వారి రెక్కల కష్టము మనకు శుభమైనది, వారి ముఖ మశుభమైనదా? ఆటల పందిటిలో ఈ భేదము పాటించుదు మన్నచో నేను ఈ ప్రతిపాదనను ఇప్పుడే వెనుకకు తీసికొందును.

జాగ్రత్తలు కొన్ని. పందెము పెట్టరాదు, పైసలు దిగిన పిదప ఆట యుండదు, తగవుండును. ఆటస్థలమున కల్లు వలదు. కల్లుగీత కులమువాడనై యుండి ఈ మాట యనుచున్నానని కోపింపకుడు. త్రాగి కోలాటమాడిన వృద్ధుని ఎముక విఱుగును, నింద మన వృత్తికి వచ్చును. ఉగాది దాటిన యెండ చెడ్డది గనుక ఉదయము 8 గంటల లోపలను, సాయంత్రము 5 గంటల తరువాతను ఆడవలెను. మంచినీళ్లు, మజ్జిగ, చేతికుర్చీలు, దగ్గఱలో మఱుగుదొడ్డి యుండవలెను. ఈ కడపటిది లేకనే స్త్రీలు అనేకులు సభలకు రారు. ఈ సభకును అందుచేతనే తక్కువమంది వచ్చిరి.

నా ప్రతిపాదన యిది. కాముని పున్నమి మొదలు శ్రీరామనవమి వఱకు దాదాపు 24 దినములు, ప్రతి గ్రామశాఖయు తన సంఘభవనము ముంగిలిని వృద్ధులకు విడువవలెను. ఏ కులపు వృద్ధుడు వచ్చినను కూర్చుండనీయవలెను. సాయంత్రమున సర్వాయి పాపన్న కథ తెలిసినవారు చెప్పవలెను, పడుచువారు వినవలెను. గవ్వలకు, కోలలకు ఎంత వ్యయమగును? ఈ వేదికకు కట్టిన పూలదండల వెలలో నాలుగవ వంతు చాలును.

భోజనములకు ఇంకను అరగంట యున్నది. పందిరికి తూర్పువైపున నాలుగు అష్టాచెమ్మ పటములు గీయించితిని; గవ్వలు నా సంచిలో నున్నవి. మొదటి యాటకు వెనుక వరుసలలో కూర్చున్న అవ్వలు ముందుగా రావలెనని ప్రార్థించుచున్నాను.