ఓడ మీద జీతం, నేల మీద జీతం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

నేను సివిల్ డిప్లొమా చదివినోణ్ణి, సైట్ సూపర్‌వైజర్‌ని. సముద్రం చట్టం గురించి వీడేం చెప్తాడని మీరు అనుకోవచ్చు. కారణం మా అక్క కొడుకు. విశాఖపట్నంలో కోర్సు చేసి ఓడ ఎక్కుతానంటున్నాడు. "నువ్వు గల్ఫ్‌లో ఉన్నావు కదరా, ఎట్లుంటుందో కనుక్కో" అంది అక్క. కనుక్కుంటూ పోతే మన జీతాల సంగతి కూడా అందులోనే కనపడింది.

మన షుఐబా పోర్టులోనే జరిగిన కథ ముందు చెప్తా. ఎమ్.వి. ఉలా అని ఒక సరుకు ఓడ. జెండా పలావు అనే చిన్న దీవుల దేశానిది, యజమాని ఖతార్ కంపెనీ. 2020లో ఇక్కడికొచ్చి నిలిచిపోయింది. యజమాని చేతులెత్తేశాడు. పందొమ్మిది మంది సిబ్బంది, ఎక్కువమంది మనదేశం వాళ్ళే. నెలల తరబడి జీతం లేదు. ఓడను మనుషుల్లేకుండా వదిలేస్తే ప్రమాదమని, బదులు మనుషులు వచ్చేదాకా పోర్టులు సిబ్బందిని దిగనివ్వవు. అందుకని కరోనా కాలమంతా అందులోనే. 2021 జనవరిలో నిరాహారదీక్ష చేశారు. ఆ ఏడు జూన్‌లో గానీ ఇళ్ళకు చేరలేదు. మనం కరోనాలో క్యాంపు గదుల్లో ఉండి ఇదే జైలనుకున్నాం. వాళ్ళకు గేటు బయట సముద్రం.

అంతా విని అక్కతో వద్దనే చెప్దామనుకున్నా. కానీ ఓడలో పనిచేసేవాడికి మనకు లేని బలం ఒకటుంది. యజమాని ఏ దేశంలో దాక్కున్నా సరే, ఓడ మీదే కేసు వేయొచ్చు. కోర్టు ఓడను అరెస్టు చేస్తుంది. పూచీ కట్టకపోతే అమ్మి బాకీలు తీరుస్తుంది.

ఈ విషయంలో పెద్ద తీర్పు మన ఆంధ్ర కేసులోనే వచ్చిందని నాకు ఈమధ్యే తెలిసింది. ఎమ్.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ 1984లో గోవా మర్మగోవా నుంచి సరుకెత్తి రాస్ అల్ ఖైమాలో దింపింది. బిల్ ఆఫ్ లేడింగ్ చూడకుండానే సరుకు ఇచ్చేశారని గోవా కంపెనీ ఫిర్యాదు. తర్వాత ఆ ఓడ విశాఖ రేవుకొచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని అరెస్టు చేయించింది, పూచీ తీసుకుని వదిలింది. విదేశీ ఓడ మీద, అదీ బయటికి పోయిన సరుకు విషయంలో, మీకు అధికారం ఎక్కడిదని యజమానులు సుప్రీంకోర్టుకు పోయారు. అప్పటిదాకా మనం పట్టుకుని వేలాడుతున్నవి 1861, 1890 నాటి బ్రిటిషు చట్టాలు. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు చెప్పింది: ఆ పాత చట్టాలతోనే మన హైకోర్టుల అధికారం ఆగిపోదు, విశాఖలో అరెస్టు సరైనదే అని.

తర్వాత 2017లో పార్లమెంటు కొత్త అడ్మిరాల్టీ చట్టం చేసింది, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఓడ మీద పడే బాకీల్లో కొన్నింటికి లియన్ అని ముందు హక్కు ఉంటుంది. అందులో మొదటి వరుస సిబ్బంది జీతం, ఇంటికి పంపే ఖర్చు. పోర్టు రుసుములు కూడా దాని తర్వాతే. బ్యాంకు తాకట్టు ఇంకా కింద. నౌక చేతులు మారినా ఆ హక్కు పోదు. కాకపోతే జీతం రావాల్సిన రోజు నుంచి రెండేళ్ళు. అది దాటితే ఆ హక్కు చచ్చిపోతుంది.

ఈ గడువు మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకో చెప్తా.

కువైట్‌కు వచ్చిన కొత్తలో ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర పనిచేశా. పేరు వద్దులెండి. ఆఖరి నాలుగు నెలల జీతం, ఇండెమ్నిటీ బాకీ పెట్టి పంపించేశాడు. మందూబ్ "ఇన్షా అల్లా, వచ్చే వారం" అనేవాడు. మంచిగా మాట్లాడేవాడు, టీ కూడా తాపేవాడు. అట్లా పద్నాలుగు నెలలు తాగినా. అప్పుడు పోయి ఫిర్యాదు పెడితే, టైమ్ దాటిపోయిందన్నారు. కువైట్ 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం 144వ ఆర్టికల్ ప్రకారం, కాంట్రాక్టు ముగిసిన ఏడాది లోపలే దావా వేయాలి. ఆ దావాకు ఫీజు కూడా లేదు. ముందు మ్యాన్‌పవర్ అథారిటీలో, అదే మనం షూన్ అంటాం చూడండి, అక్కడ ఫిర్యాదు ఇవ్వాలి. నెలలోగా రాజీ కుదరకపోతే వాళ్ళే కోర్టుకు పంపుతారు. ఇదంతా డిప్లొమా చదివిన నాకే తెలీదు. ఆ డబ్బు చెల్లెలి పెళ్ళికి అనుకున్నది. నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టాడు.

ఇంటిపని చేసే అక్కలకు ఈ చట్టం వర్తించదు, వాళ్ళకు 2015 నాటి 68వ నంబరు చట్టం వేరే ఉంది. ఓడ ఉద్యోగాలకు 1980 నాటి 28వ నంబరు సముద్ర వాణిజ్య చట్టం. అందులో లేనిచోట, లేదా కార్మికుడికి ఎక్కువ మేలు ఉన్నచోట, కార్మిక చట్టం కూడా పనిచేస్తుందని 4వ ఆర్టికల్ చెప్తుంది.

అమెరికా ముచ్చట ఒకటి. 2024 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఒక పడవ ఇన్సూరెన్స్ కేసులో, సముద్ర ఒప్పందంలో ఏ చట్టం వర్తిస్తుందని రాసుకుంటే మామూలుగా అదే చెల్లుతుందని తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట అన్నారు. పడవ ఒడ్డుకు ఎక్కి దెబ్బతింటే, అగ్నిమాపక సిలిండర్లు టైముకు తనిఖీ చేయించలేదని కంపెనీ డబ్బు ఎగ్గొట్టింది. అక్కడ మంటే రాలేదు! సిలిండర్ ట్యాగు చూడమంటే నవ్వే మా సైటు పిల్లలకు ఈ కథ చెప్తుంటా.

అందుకే మేనల్లుడిని మూడు అడిగాను. ఓడ పేరేంటి, జెండా ఏ దేశానిది, కాంట్రాక్టులో ఏ దేశం చట్టం రాశారు. ఏజెంటుకు డీజీ షిప్పింగ్ లైసెన్సు ఉందేమో కూడా చూడమన్నా. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని మన దేశంలో రూలు. వీడిని మూడు లక్షలు అడిగారంట. ఓడ పేరు ఎక్కేరోజు చెప్తారంట.

అక్కకు డబ్బు కట్టొద్దని గట్టిగా చెప్పినా. వాడు అలిగి వారం నుంచి నా ఫోన్ ఎత్తట్లేదు. రోజూ రాత్రి డ్యూటీ దిగినాక చేస్తూనే ఉన్నా.