చెరువు చేపకు చేని మేత

 

 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త కార్పు చేపకు పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించారు. అంతకుముందు పిల్ల కావాలంటే ఎక్కువగా వరద నదుల్లో వలేసి ఏరుకోవలసి వచ్చేది. పిల్ల కొరత ఆయన తీర్చారు. మేత సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. నేను మాట్లాడబోయేది దాని గురించే.

చేపకు మేతంటే కంపెనీ సంచే అన్న మాట ఇప్పుడు రాచర్ల, గిద్దలూరు, కంభం వైపు మన చెరువుల దగ్గర కూడా వినిపిస్తోంది. కానీ కైకలూరు, ఆకివీడు ప్రాంతంలో కొల్లేటి చుట్టూ పెరిగిన చేపల సాగును చూడండి. అది చాలా కాలం నిలబడింది నూనె తీసిన తవుడు మీద, వేరుశనగ చెక్క, పత్తి చెక్కల మీద. అక్కడి రైతులే ఒక పద్ధతి కనిపెట్టారు. ప్లాస్టిక్ సంచికి కింది వైపు రంధ్రాలు పెట్టి, మేత నింపి, నీళ్ళలో వెదురు గెడలకు కడతారు. చేప వచ్చి రంధ్రాల దగ్గర లాక్కుని తింటుంది. సంచి ఎంత ఖాళీ అయిందో చూస్తే చేప ఆకలి తెలుస్తుంది, మేత అడుగున పడి కుళ్ళదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో చేపల మేత మీద తెచ్చిన ప్రచురణలో ఆంధ్ర రైతుల ఈ పద్ధతికి చోటిచ్చింది. శాస్త్రం రైతు దగ్గరికి వచ్చి నేర్చుకున్న సందర్భమిది.

మన పరిస్థితి వేరు. కొల్లేటి రైతుకు కాలువ నీళ్ళు, ఏడాది పొడవునా సాగు. మనకు నల్లమలలో వాన పడితే గుండ్లకమ్మ పారాలి, చెరువు నిండాలి, ఆ నీళ్ళు నిలిచిన కొద్ది నెలల్లోనే చేప బరువెక్కాలి. అందుకే మేతలో ప్రతి కిలో లెక్కే. పెరిగే శీలవతికి మేతలో నూటికి 25 నుంచి 30 పాళ్ళు మాంసకృత్తులు కావాలి. నూనె తీసిన తవుడులో ఉండేది సుమారు 15, మంచి వేరుశనగ చెక్కలో 40 దాటుతుంది. ఒక పాలు చెక్కకు రెండు పాళ్ళు తవుడు కలిపితే 24 దాకా వస్తుంది. మిగిలిన లోటును చెరువులోని నాచు, నీటిపురుగు కొంత పూడుస్తాయి. నూనె తీయని పచ్చి తవుడు చౌకగా దొరికినా నిలవ పెట్టకండి. అందులోని కొవ్వు త్వరగా పాడై వాసన వేస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మొక్కది కాబట్టి మంచిదే అనుకోకండి. మొక్క కదలలేదు, పారిపోలేదు. తనను తినేవాళ్ళ నుంచి కాపాడుకోవడానికి గింజలో, ఆకులో ఏదో ఒక విషం దాచుకుంటుంది. దాన్ని తీసేశాకే అది మేత. ఇప్ప చెక్క సంగతి మీకు తెలుసు. పిల్ల వదిలే ముందు కలుపు చేపల్ని చంపడానికి ఎకరానికి టన్ను వరకు వేస్తారు. అందులోని సపోనిన్ చేప రక్తకణాల్ని పగలగొడుతుంది. రెండు మూడు వారాలు పోయాక ఆ విషం విరిగి, అదే చెక్క చెరువుకు ఎరువవుతుంది. ఒకే చెక్క ముందు విషం, తర్వాత బలం.

పత్తి చెక్కలో గాసిపాల్ ఉంటుంది. అది లైసిన్ అనే పోషకాన్ని పట్టేసుకుని చేపకు అందనివ్వదు. అన్నభేది కలిపితే గాసిపాల్ ఇనుముకు కట్టుబడుతుంది కానీ, మోతాదు తెలిసినవాళ్ళను అడగకుండా ఆ పని చేయకండి. పత్తి చెక్క మేతలో ఒక భాగంగా ఉంటే చాలు. సోయా చెక్కను వేడి చేయకపోతే అందులోని పదార్థం మాంసకృత్తుల్ని అరగనివ్వదు. తవుడులో, చెక్కల్లో ఉండే భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేటు రూపంలో బిగుసుకుని ఉంటుంది. శీలవతికి, బొచ్చెకు ఫైటేటును విడగొట్టే శక్తి చాలా తక్కువ. అందుకే ఆ భాస్వరం వృథాగా నీళ్ళలోకి పోతుంది, నాచు పెంచుతుంది. ఫైటేజ్ అనే ఎంజైమును మేతలో కలిపేది అందుకే. మన జిల్లాలో కాగితం మిల్లుల కోసం విస్తారంగా వేసిన సుబాబుల్ ఆకులో మైమోసిన్ ఉంది. రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ఎండబెట్టి పొడి చేశాకే, అదీ కొద్దిగా.

అజొల్లా గురించి అక్కలు అడుగుతుంటారు. ఎండబెట్టి తూస్తే అందులో నూటికి 20 పాళ్ళకు పైగా మాంసకృత్తులు ఉన్నమాట నిజమే. కానీ పచ్చి అజొల్లాలో తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. పది కిలోలు తెచ్చి వేస్తే అందే మాంసకృత్తులు సుమారు నూట యాభై గ్రాములు. గడ్డిచేపకు అది భేషైన తిండి, మిగతావాటికి పక్క మేత.

మందుల విషయానికి వస్తే, యాంటీబయాటిక్ సీసా పట్టుకుని చెరువు గట్టెక్కడం నాకు బాధ కలిగిస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి చేపల సాగులో నిషేధించారు కూడా. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు శీలవతి పిల్లలకు మేతలో వెల్లుల్లి కలిపి, మరో ప్రయోగంలో మామిడి జీడి పొడి కలిపి పెట్టారు. తర్వాత ఏరోమోనాస్ బ్యాక్టీరియా ఎక్కించి చూస్తే, మామూలు మేత తిన్నవాటికన్నా ఇవి ఎక్కువగా బతికాయి. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కలిపింది కిలో మేతకు గ్రాముల లెక్కన. మనం పారేసే మామిడి టెంకలో అంత బలం ఉందన్నది నాకు ఎంతో ఆశ కలిగించే సంగతి. అయితే అవి తొట్టెల్లో చేసిన ప్రయోగాలు. రోగం రాకముందు ఒంటికి సత్తువ ఇచ్చేవే తప్ప, చచ్చే చేపను లేపే మందులు కావు. వేపతోనూ జాగ్రత్త. చేప పేను మీద పనిచేస్తుంది, మోతాదు మించితే చేపనే దెబ్బతీస్తుంది.

చివరగా వేరుశనగ చెక్క. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చాయి. వెతగ్గా వెతగ్గా తేలింది, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు పట్టిందని. ఆ బూజు విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అదే రోజుల్లో అమెరికా ట్రౌట్ చేపలకు కాలేయంలో కంతులు లేచాయి. అక్కడ విషం పత్తి గింజల పిండిలో దొరికింది. ఈ విషం ఉడికిస్తే పోదు. మనం చెక్క కొని నిలవ పెట్టేది సరిగ్గా వానల్లోనే, గోడకు ఆనించి, నేల మీద.

మత్స్యకార సంఘాల పెద్దలకు నా మనవి. చెక్క కలిసి కొనండి, కొయ్య పలకల మీద గోడకు దూరంగా పేర్చండి, ఒక నమూనా ప్రయోగశాలకు పంపండి. ఈసారి చెరువు నిండి మొదటి సంచి కట్టే ముందు చెక్క బిళ్ళను విరిచి లోపల చూడండి. పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో బూజు కనిపిస్తే చేపకు పెట్టకండి. పోనీలే అని బర్రెకూ వేయకండి, ఆ విషం పాలలోకి దిగుతుంది.