మన కేసుకు మన ప్లీడరు
(విజయవాడలో యువకులు, కార్యకర్తల ముందు ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



చట్టాల గురించి చెప్పమని నన్ను పిలిచారు. చట్టాల గురించి చెప్పేవాళ్లు మనకు కరువు లేదు. ఇవాళ నేను ఒక దరఖాస్తు గురించి చెబుతాను. లాసెట్ దరఖాస్తు. డిగ్రీ పాసై, ఆటో తోలుకుంటూనో, సెల్ షాపులో కూర్చునో ఉన్న పిల్లలు మీ పేటలో ఎవరెవరున్నారో తలుచుకుంటూ వినండి.

డెల్టాలో పుట్టినోళ్లకు కాలువ సంగతి చెప్పక్కర్లేదు. బ్యారేజీ దగ్గర నీళ్లు నిండుగా ఉంటాయి. శివారు చేలకు వచ్చేసరికి బురద మిగులుతుంది. 1989లో చేసిన అట్రాసిటీ చట్టం కూడా అంతే. ఢిల్లీలో నిండుగానే వదిలారు. స్టేషన్లో కేసు కట్టేటప్పుడు కొంత ఇంకిపోతుంది. ఛార్జిషీటు దగ్గర కొంత, సాక్షుల దగ్గర కొంత, రాజీల దగ్గర మిగతాది పోతుంది. కాలువకైతే లాకు కాపలాదారు ఉంటాడు. మన కేసుకు ఎవడున్నాడు?

అంబేద్కర్ 1923లో బొంబాయిలో ప్రాక్టీసు పెట్టారు. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగినందుకు అగ్రకులాలవాళ్లు దావా వేశారు. అందులో ఒకటో ప్రతివాది ఆయనే. 1937లో హైకోర్టు మన పక్షాన తీర్పు చెప్పేదాకా పదేళ్లు పట్టింది. కారంచేడులో కూడా తగువు మొదలైంది చెరువు నీళ్ల దగ్గరే. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురిని చంపారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008లో. ఇరవై మూడేళ్లు. అప్పుడు బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ పదవికి రాజీనామా చేసి జనంలోకి వచ్చారు. పోలీసులు పట్టుకుపోతే ఏం చేయాలో మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో పుస్తకం రాసిందీ ఆయనే.

ఇక చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని జనం పట్టుబట్టి సాధించారు. ప్రభుత్వ ప్లీడరు ఎవరనేదానిమీద కూడా కొట్లాడారు. 2007 జూలై 31న ఆ ఊరి కోర్టే 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఊళ్లో గెలిచిన కేసు పైకి పోయాక ఓడింది. అంటే ఊరి కోర్టులోనే కాదు, పైకోర్టులో కూడా మనవాళ్లు ఉండాలి. ఒక్క తారకం, ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఎంతని మోస్తారు?

మనవాడైతే చాలు, మంచి ప్లీడరే అని నేననను. మన పేటలోంచి పోయి రాజీలు కుదిర్చి కమీషన్ తినేవాళ్లను నేనూ చూశాను. అయినా ఒక సంగతి చెప్తా. మన అమ్మ బోనెక్కి తెలుగులో సాక్ష్యం చెబుతుంది. చాలాచోట్ల కాగితం మీద ఎక్కేది ఇంగ్లీషులో. ఆమె "కులం పేరెత్తి తిట్టాడయ్యా" అంటుంది. అక్కడ "తిట్టాడు" అని మాత్రమే పడితే, అట్రాసిటీ కేసు కాస్తా మామూలు తగాదా అయిపోతుంది. ఆ మాట విలువ తెలిసినవాడు పక్కనుంటే లేచి, "అయ్యా, సాక్షి చెప్పిన మాట చెప్పినట్టు రాయండి" అంటాడు. అంత చిన్న పని. దానిమీద కేసు నిలబడుతుంది. ఇంకోటి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ అడ్వకేటును కలెక్టరు పెట్టొచ్చు, ఫీజు ప్రభుత్వానిదే అని అట్రాసిటీ చట్టం నిబంధనల్లో ఉంది. అడిగేవాళ్లకు ఆ సంగతి తెలిస్తే కదా!

సరే, దరఖాస్తు దగ్గరికి వద్దాం. ఇంటర్ పాసైతే అయిదేళ్ల కోర్సు, డిగ్రీ ఉంటే మూడేళ్ల కోర్సు. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే చాలు. వయసు పరిమితి లేదు. నలభై ఏళ్ల కార్యకర్త కూడా రాయొచ్చు. పరీక్ష గంటన్నర, 120 ప్రశ్నలు. 30 జనరల్ నాలెడ్జి, 30 వర్తమాన విషయాలు, 60 లా చదువుకు సంబంధించినవి. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. తప్పు రాస్తే మార్కు కోత లేదు, కాబట్టి ఒక్కటి కూడా వదలకండి. మిగతావాళ్లకు 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ గీత లేదు, ర్యాంకు ఇస్తారు. రాజ్యాంగంలో మూడో భాగం, రోజూ పేపరు, పాత ప్రశ్నపత్రాలు చూసుకుంటే సగం పని అయినట్టే.

దెబ్బ తినేది పరీక్షలో కాదు, కాగితాల్లో. ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లు మనలో చాలామంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఆ డిగ్రీతో లా సీటు రాదు. పొలం పనికి పోతూ చదివినవాడి డిగ్రీకే ఈ అడ్డు! అన్యాయమే, దానిమీద కొట్లాడాలి. కానీ ఫీజు కట్టకముందే ఈ సంగతి తెలుసుకోండి. ఇంటర్ పాసై తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

రెండోది కుల ధ్రువపత్రం. మన డెల్టాలో ఇది పెద్ద చిక్కు. క్రైస్తవులైన మాల మాదిగలకు మన రాష్ట్రంలో ఉన్నది బి.సి. – సి. అందులో ఉన్నది ఒక్క శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పెట్టిన మెలిక ఇది. అంటరానితనం చర్చి మెట్టు దాకా వెంటొస్తుంది గానీ రిజర్వేషన్ రాదు. బి.సి. – సి కింద రాసేవాళ్లకు 42 మార్కులు రావాల్సిందేనని గుర్తుపెట్టుకోండి. ఇంట్లో ఒకరి కాగితం ఒక రకంగా, ఇంకొకరిది ఇంకో రకంగా ఉంటే ఇప్పుడే సరిచూసుకోండి. సీటొచ్చాక ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగితే కౌన్సెలింగ్ దాటిపోతుంది.

సీటు కన్వీనర్ కోటాలోనే తీసుకోండి. మేనేజ్‌మెంటు సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు. విజయవాడలో సిద్ధార్థ, గుంటూరులో జె.సి., ఏలూరులో సి.ఆర్. రెడ్డి లా కాలేజీలున్నాయి. ఆప్షన్లు ఒకటి రెండు పెట్టి ఊరుకోవద్దు, దండిగా పెట్టండి. "మీరు రానక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం" అనే కాలేజీలు కూడా ఉన్నాయి. 70 శాతం హాజరు ఉండాలని రూలు. క్లాసుకు పోనివాడు రేపు కోర్టులో నోరెలా విప్పుతాడు?

ఇంగ్లీషు వచ్చిన ఇంటర్ పిల్లలు క్లాట్ కూడా రాయండి. విశాఖలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. మన కులాల నుంచి ముఖ్యమంత్రి అయిన మొదటి మనిషి ఆయన. ఆయన పేరున్న కాలేజీ గేటు దాటడానికి మాత్రం పరీక్ష ఇంగ్లీషులోనే. ఇదీ మన దేశం గౌరవించే పద్ధతి.

ఆడపిల్లకు ప్లీడరీ ఏంటి అనే నాన్నలకు ఒక్క మాట. స్టేషన్లో మీ కూతురు మాట్లాడలేని మాట ఇంకో ఆడపిల్ల ప్లీడరైతే మాట్లాడుతుంది.

ధర్నాలో కేసు పడిందని ఒక తమ్ముడు దరఖాస్తు మానేశాడట. కేసు నడుస్తున్నంత మాత్రాన అడ్వకేటు కావడానికి అడ్డులేదు. దాచిపెట్టడం తప్పు, అడిగినచోట ఉన్నదున్నట్టు రాయండి. అడ్వకేట్ల చట్టం 24ఎ సెక్షన్ అడ్డేసేది నైతిక పతనం కింద వచ్చే నేరంలో శిక్షపడ్డవాళ్లకు. అంటరానితనం పాటించిన నేరంలో శిక్షపడ్డవాళ్లను కూడా అందులో చేర్చారు. కేసు పడ్డ మన పిల్లోడు భయపడుతున్నాడు గానీ, ఆ సెక్షన్ చూసి భయపడాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

చదువయ్యాక పేరు నమోదుకు వేలకు వేలు కట్టాలని వెనక్కి తగ్గినవాళ్లున్నారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్సీ, ఎస్టీలకు నమోదు ఫీజు 125 రూపాయలు, మిగతావాళ్లకు 750. చట్టంలో ఉన్నది అంతే, అంతకుమించి అడగడానికి వీల్లేదు. ఎవరైనా అడిగితే రసీదు ఇమ్మనండి. నమోదయ్యాక రెండేళ్లలో బార్ కౌన్సిల్ పరీక్ష పాస్ కావాలి. అది తెలుగులో రాయొచ్చు.

అసలు కష్టం ఆ తర్వాత మొదటి మూడేళ్లు. సీనియర్ దగ్గర చేరితే పని ఉంటుంది, డబ్బు ఉండదు. నల్లకోటు వేసుకుని బస్సు ఛార్జీకి చూసుకోవాలి. ఇంట్లోవాళ్లు "చదివించాం, ఏం తెచ్చావు" అంటారు. పెళ్లిళ్లకు, సమాధులకు చందాలు వేసుకునే పేట, ఒక జూనియర్ ప్లీడరుకు నెలనెలా బస్సు ఛార్జీ ఇవ్వలేదా? సాంఘిక సంక్షేమ శాఖలో లా పాసైన ఎస్సీ పిల్లలకు సీనియర్ల దగ్గర శిక్షణ ఇప్పించే స్కీము ఉంది. జిల్లా ఆఫీసుకు నలుగురు కలిసి పోయి అడగండి. ఒక్కడు పోతే "బడ్జెట్ లేదు" అంటారు.

కార్యకర్తలకు పని చెబుతాను. వచ్చే పదిహేను రోజుల్లో మీ పేటలో ఇంటర్, డిగ్రీ పాసైనవాళ్ల పేర్లు రాయండి. పక్కన మార్కుల శాతం, కుల ధ్రువపత్రంలో ఏమని ఉందో, ఇంటర్ ఉందో లేదో రాయండి. నోటిఫికేషన్ మామూలుగా ఎండాకాలం మొదట్లో వస్తుంది. ఆ కాగితం అప్పటికి నా దగ్గర ఉండాలి. ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగుతుందో మనం ముందే కూర్చుని చూద్దాం.