ముందు మనిషిని పలకరించండి
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను డాక్టరును కాను, ఫైళ్లు చూసిన గుమాస్తాను. అయినా వడదెబ్బ గురించి మాట్లాడటానికి నాకొక కారణం ఉంది.

2003 మే నెల. ఆ వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. నేనప్పుడు కడప జిల్లాలో పనిచేస్తున్నాను. ఎండలో తిరిగి నోటీసులిచ్చి వచ్చిన మా అటెండరు స్టూలుమీద కూర్చుని, "అన్నా, పాప పెండ్లికి లీవు రాసియ్యన్నా" అన్నాడు. ఆ పాప పెళ్లయి అప్పటికే నాలుగేళ్లు. అందరం నవ్వాము. కాసేపటికి పక్కకు ఒరిగిపోయాడు. నేనే గ్లాసు తెచ్చి నోట్లో నీళ్లు పోశాను. పొలమారింది. జీపు దొరికి ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు. ఆయన భార్య ట్రెజరీ దగ్గర కనబడితే ఇప్పటికీ "బాగుండావా అన్నా" అని పలకరిస్తుంది. ఆ గ్లాసు సంగతి ఆమెకు చెప్పలేకపోయాను.

మేము నవ్విన మాటే జబ్బు లక్షణమని తర్వాత ఒక డాక్టరుగారు చెప్పారు. తల తిరగడం, వాంతి, పిక్కలు పట్టడం ఉన్నా మనిషి తెలివిగా మాట్లాడుతుంటే నీడన పడుకోబెట్టి, ఉప్పు మజ్జిగో, ఓ.ఆర్.ఎస్. నీళ్లో గుక్కగుక్కగా ఇవ్వవచ్చు. మాట తప్పి, తూలుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. లోపలి వేడి 104 డిగ్రీలు దాటి ఉంటుంది. చెమట పడుతోంది కదా అని ధైర్యపడకండి. ఎండలో కష్టపడ్డవారికి వడదెబ్బలోనూ చెమట పడుతుంది.

అందుకే ముందు పలకరించండి. పేరేమి, ఇది ఏ ఊరు, ఈరోజు ఏ వారం అని అడగండి. జవాబు తికమకగా ఉంటే ఒకరు 108కి ఫోను చేయాలి. ఆ సదుపాయం 2005లో వచ్చింది, మాకు లేదు. ఇంకొకరు చొక్కా విప్పి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డలు పెట్టాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. స్పృహ తప్పినవారి నోట్లో చుక్క నీరు పోయవద్దు. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. జేబులో ఎర్రగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు. మన కర్నూలు ఎర్రగడ్డ కూరలోకి మంచిదే!

మన వయసులో దాహం సరిగా తెలియదు. బి.పి.కి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారు వేసవి రాకముందే డాక్టరును అడగాలి. షుగరు మందులు వాడేవారు తికమకపడితే షుగరు పడిపోయి ఉండవచ్చు. మింగగలిగితే చక్కెర నీళ్లివ్వండి.

పేరు, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు రాసుకోవడానికి చీటీలు కత్తిరించి తెచ్చాను. భోజనానికి వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకుని జేబులో పెట్టుకోండి. సెలవు.