వాయిదాకు పోయే కూలి ఎవరిస్తారు?



చట్టం గురించి చెప్పమంటే ప్లీడర్లు సెక్షన్లు చదువుతారు. మనం కూలి లెక్కతో మొదలుపెడదాం. వాయిదా అంటే మనకేంటి? ఆ రోజు కూలి పోయె, బస్సు ఛార్జీ పోయె. తీరా పోతే జడ్జిగారు సెలవంటారు, ఇంకో తేదీ వేస్తారు. ముద్దాయి కూడా వస్తాడు, కానీ వాడి పొలంలో పని ఆగదు. చేసేది మనోళ్లే కదా!

మా సంఘంలో ఒక సాక్షి మూడో వాయిదాకు రాలేదు. అమ్ముడుపోయాడన్నాం. తర్వాత తెలిసింది, అవి నాట్ల రోజులు, ఇంట్లో గింజల్లేవు. తప్పు మాది.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అంతకుముందే సాంఘిక బహిష్కరణ పెట్టారు. ముందు పొట్టమీద కొట్టి, తర్వాత ప్రాణం తీశారన్నమాట. బాధితులు పట్టుబట్టిందేంటి? కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని. పెట్టించారు! సాక్షి ఇంటినుంచి నడిచిపోయి సాక్ష్యం చెప్పాడు. పదహారేళ్లకు, 2007 జూలై 31న, ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందర్నీ వదిలేసింది. జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలు ఆపింది. జడ్జీల తీర్పు తప్పనొచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు. అనొచ్చు. ముగిసిన కేసు తీర్పుమీద న్యాయమైన విమర్శ కోర్టు ధిక్కారం కాదని 1971 చట్టమే చెబుతోంది. ఓటేసేవాడికి తీర్పుమీద నోరుండకూడదంటే అదేం ప్రజాస్వామ్యం?

ఇక కూలి సంగతి. అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో 11వది చూడండి. బాధితులకు, సాక్షులకు దారి ఖర్చులివ్వాలి. రోజు బత్తెం వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకూడదు. ఇది ఎవరి దయాధర్మమూ కాదు, హక్కు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో ఇంకోటుంది: ఛార్జిషీటు పడ్డాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించాలి. వీలైనంతవరకు అన్న మాట దగ్గరే మనల్ని ఏళ్లకేళ్లు తిప్పుతారు, అది వేరే సంగతి.

అడగందే ఎవరూ ఇవ్వరు. వాయిదాలున్నవాళ్లు సమన్ల కాగితం, బస్సు టిక్కెట్లు పట్టుకుని సభ అయ్యాక ఇక్కడే ఉండండి. కలెక్టరుకు దరఖాస్తులు మేం రాసిపెడతాం. రశీదు లేకుండా మాత్రం కాగితం ఇచ్చిరావద్దు.