కవలల్లో ఒకరికే ఎందుకు?

చిత్తూరుకు వేలూరు దగ్గరే. అక్కడి బాగాయంలో క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వారి మానసిక ఆరోగ్య కేంద్రం 1957 నుంచి నడుస్తోంది. చేరిన రోగి వెంట ఇంటివాళ్లు ఉండడం అక్కడి పద్ధతి. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బని తెలియగానే తోడొచ్చిన తల్లులు అడిగేది ఒకటే: "మా వంశంలో ఎవురికీ లేదే సార్, వీడికి యాడ్నించి వచ్చె?"

ఆ ప్రశ్నకు జవాబు కవలల దగ్గర దొరికింది. లండన్‌లో మాడ్స్‌లీ ఆసుపత్రి కవలలను పరిశీలించి పరిశోధకులు గాటెస్‌మన్, షీల్డ్స్ 1972లో పుస్తకం వేశారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బొస్తే, దాదాపు సగం జంటల్లో రెండోవారికీ వచ్చింది. వేరువేరు అండాల కవలల్లో అది చాలా తక్కువ. 2018లో వెలువడిన డెన్మార్క్ లెక్కల్లో ఈ రెండూ వరుసగా 33 శాతం, 7 శాతం.

జన్యువులు మొత్తం ఒకటే అయినా, రెండోవారు చాలాసార్లు తప్పించుకుంటున్నారన్న మాట!

అసలు విశేషం 1989లో బయటపడింది. గాటెస్‌మన్, బెర్టెల్సన్ డెన్మార్క్‌లో ఇలాంటి కవలల బిడ్డలను చూశారు. ఒకే అండం కవలల్లో జబ్బు పడినవారి బిడ్డలకూ, పడనివారి బిడ్డలకూ ముప్పు ఇంచుమించు సమానమే. ఆరోగ్యంగా తిరిగే మనిషిలోనూ ఆ బీజం నిద్రపోతూ ఉందన్నమాట. దాన్ని లేపేవాటిలో గర్భంలో పోషణ లోపం, కాన్పు కష్టాలు, కుర్రవయసులో గంజాయి ఉన్నాయి. తల్లి పెంపకం మాత్రం కారణం కాదు. ఆ నింద ఏ తల్లీ మోయనక్కర్లేదు.

ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నాయని బిడ్డ అంటే వెంటనే చూపించండి, తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు.